పచ్చ లైటును నమ్మినవాళ్లతో పదేళ్లు

ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానంటే జగిత్యాలలో మా బంధువులు ఇంకా నవ్వుతారు. నవ్వనీ. నేను చేసిన పనే నాతోపాటు రిటైరవుతోంది. ఇప్పుడు ఊరూరా ఫైబర్ వచ్చింది. నేను మోసుకు తిరిగిన పెట్టెల్లో సగం తుక్కుకు పోయాయి. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి, "అన్నా, ఏం నేర్చుకొని పోవాలె?" అని అడుగుతుంటారు. అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, టెండర్ల గురించి రాయను. అవి చెప్పడానికి మా బాసులున్నారు. వాళ్లకు ఇంకేమీ తెలియదు కూడా.

పని ఏమిటో ముందు చెప్తాను. జగిత్యాలలో ఒక ఆఫీసు ఉందనుకోండి. అందులోని కంప్యూటర్లన్నీ ఒక వైరింగుతో కలిసి ఉంటాయి. కోరుట్లలో అదే సంస్థకు ఇంకో ఆఫీసు, అక్కడా అంతే. ఈ రెంటినీ కలపాలంటే మధ్యలో టెలికాం వాళ్ల లైను కావాలి. కంప్యూటర్లు పంపే తీరు వేరు, ఆ లైను మోసే తీరు వేరు. అందుకని రెండు చివర్లా ఒక్కో పెట్టె పెడతారు. అదే కన్వర్టర్. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ముందు వైపు నాలుగు చిన్న లైట్లు, వెనక వైపు రెండు వైర్లు, ఒక అడాప్టర్. ఇటువి అటు మార్చి పంపడం, అటువి ఇటు మార్చి ఇవ్వడం, దాని పని అంతే.

పెట్టె పని తేలిక. దాని చుట్టూ చేరే మనుషులతోనే కష్టం.

ఎవరి గోడ వరకు వాళ్లు

లైను పోయిందని ఫిర్యాదు వస్తే ముగ్గురు దిగుతారు.

టెలికాం ఇంజినీరుకు మీ ఆఫీసు గోడ వరకే తెలుసు. అతను తన ఎక్స్‌చేంజిలో కూర్చొని లైనును అక్కడికక్కడే వెనక్కి తిప్పి పరీక్ష చేస్తాడు. తను పంపింది తనకు తిరిగొస్తే "మాది క్లియర్" అంటాడు. ఆ రెండు మాటలు చెప్పడానికి అతనికి జీతం వస్తుంది.

కంప్యూటర్లు అమ్మినవాడికి గోడ ఇవతలిది మాత్రమే తెలుసు. అతను ప్రింటర్ నుంచి ఒక కాగితం లాగి చూపించి, "మాది మంచిగనే నడుస్తున్నది" అంటాడు.

మూడోవాడు కస్టమర్. అతనికి ఏదీ తెలియదు. తెలియకపోవడం తన హోదాకు తగ్గ విషయమని అతని నమ్మకం.

ఈ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న విద్య ఒకటుంది. పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతోందా లేదా చూడటం. వెలిగితే అంతా బాగున్నట్టే. నిజానికి అది పచ్చగా ఉంటే, తీగ అవతలి కొసన ఏదో పెట్టె బతికి ఉందని మాత్రమే అర్థం. డేటా పోతోందా, పోయినది చెడకుండా పోతోందా, అవతలి పెట్టె తన పని చేస్తోందా, ఇవేవీ ఆ లైటు చెప్పదు. ఈ మాట నేను పదేళ్లు చెప్పాను. విన్నవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ వేళ్లు మిగులుతాయి.

సిరిసిల్లలో కవరు

వేడి గురించి నాకు మొదట నేర్పింది సిరిసిల్ల.

అక్కడ ఒక బట్టల కంపెనీ ఆఫీసు. ఆ గోడకు అవతల మరమగ్గాలు. గాలిలో ఎప్పుడూ సన్నటి నూలు దుమ్ము తేలుతుంటుంది. కన్వర్టర్ నెలలో సగం రోజులు మొండికేసేది. మా కంపెనీకి కరీంనగర్‌లో ప్రకాశ్‌రావు అని ఒక బాసు. ఆయన స్వయంగా వచ్చి చూసి, "దుమ్ము లోపలికి పోతున్నదిరా" అని కనిపెట్టాడు. ఆ మాట నిజమే. దానికి ఆయన చెప్పిన మందు ఏమిటంటే, పెట్టెకు ప్లాస్టిక్ కవరు తొడిగి టేపు చుట్టడం.

మనవాళ్లకు కవరంటే ఎంత ఇష్టమో మీకు తెలియంది కాదు. కొత్త ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ పొర పొంగి చినిగేదాకా తీయరు. కారు సీట్ల కవర్లు కారు అమ్మేటప్పుడు తీస్తారు. ఆ ప్రేమతోనే ఆ ఆఫీసువాళ్లు మా పెట్టెకు చక్కగా కవరు తొడిగి, పైన ఇంకో చేతి రుమాలు కూడా కప్పారు. ఇదివరకు నెలలో సగం రోజులు పోయే లైను రోజూ పోవడం మొదలైంది.

నేను వెళ్లి కవరు విప్పితే పెట్టె అడుగు ముట్టుకోలేనంత వేడిగా ఉంది. చల్లారగానే దానంతట అదే పనిచేసింది. విచిత్రమేమిటంటే, అంత వేడిలోనూ దాని పచ్చ లైటు ఆరలేదు. లైను వైపు భాగం గట్టిది, తట్టుకుంటుంది. కంప్యూటర్ల వైపు భాగం ముందు స్పృహ తప్పుతుంది. చూసేవాడికి పెట్టె మెలకువగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ సంగతి రిపోర్టులో రాశాను. ప్రకాశ్‌రావు సారు ఫోన్ చేశారు.

"కవరు పెట్టమన్నది నేను అని రాసినవా?"

"లేదు సార్. కవరు తీసేసిన అని రాసిన."

"గది గుడ తీసెయ్. 'పరిశీలించి సరిచేసితిమి' అని రాయి. సరిపోతది."

పదేళ్లలో మా కంపెనీ నేర్చుకున్న తెలుగు వాక్యం ఇదొక్కటే.

కోరుట్ల లైను

ఇప్పుడు అసలు కథ. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు.

జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉంది. దానికి కోరుట్లలో, సిరిసిల్లలో చిన్న కేంద్రాలు. రోగుల వివరాలు, ఎక్స్‌రేలు లైను మీద జగిత్యాలకు పోవాలి. పెద్ద డాక్టర్లు అక్కడ చూసి చెప్పింది తిరిగి రావాలి. రెండు లైన్లకూ కన్వర్టర్లు మావే.

కోరుట్ల కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్ లావణ్య. కాంట్రాక్టు ఉద్యోగం. తండ్రి గీత పనివాడు. తాడిచెట్టు మీది నుంచి పడి నడుము పోయింది, మంచంలో ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే. ఇది నాకు ఆమె చెప్పలేదు. అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఎండాకాలం కోరుట్ల లైను పదే పదే పోతోందని ఫిర్యాదు. పొద్దున బాగుంటుంది, పది దాటాక పోతుంది, మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంది. టెలికాం వాళ్లు పరీక్షించి "మాది క్లియర్" అన్నారు. జగిత్యాలలో పెట్టె మీద పచ్చ లైటు ఉంది. సిరిసిల్ల లైనుకు ఏమీ కాలేదు. కాబట్టి తప్పు కోరుట్లలోనే ఉందని తేల్చేశారు. ఇందులో ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదు.

తేల్చినవాడు ఆస్పత్రి పరిపాలన చూసే సుదర్శన్ సారు. యజమానికి దగ్గరి చుట్టం. ఆయన చేతిలో ఇంకో రుజువు కూడా ఉంది. టెలికాం ఆఫీసు తెర మీద, కోరుట్ల పెట్టె కరెంటు ఆగినప్పుడల్లా ఎర్ర గీత పడుతుంది. లైను పోయిన ప్రతిసారీ ఆ గీతలు ఉన్నాయి.

"పిల్ల పెట్టె బంద్ చేసి ఫోన్ల ముచ్చట్లు పెడ్తున్నది," అన్నారు సారు. లావణ్యకు మెమో ఇచ్చారు. ఇంకోసారి జరిగితే కాంట్రాక్టు రద్దు అని అందులో ఉంది.

ప్రకాశ్‌రావు నన్ను కోరుట్ల పంపుతూ, "పొయ్యి గా పిల్లను స్విచ్ మీద చెయ్యి ఉండంగనే పట్టుకొని రా," అన్నాడు. నెట్‌వర్క్ ఇంజినీరుకు మా కంపెనీలో ఉన్న గౌరవం అది.

రుజువు ఎట్లా తయారవుతుందో చూశాను

నేను వెళ్లింది మంగళవారం. బస్సు దిగి కేంద్రానికి వెళ్లేసరికి కౌంటర్ ముందు జనం. దుబాయి పోయే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు. లైను అప్పటికే పోయి ఉంది.

"ఏమాయెనమ్మా, గంట సేపాయె!" అని ఒకాయన బల్ల గుద్దాడు. "ఫ్లైటును గుడ నీ కంప్యూటరే ఆపుతదా?"

"కాకా, నేనే ఎక్కిస్త నిన్ను ఫ్లైటు, జెర కూసో," అంది లావణ్య. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

నేను పెట్టె చూశాను. చల్లగా ఉంది. శుభ్రంగా ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది. వైర్లు బిగువుగా ఉన్నాయి. జగిత్యాల నుంచి మాత్రం ఒక్క ముక్క రావడం లేదు. అప్పుడే ఫోన్ మోగింది. సుదర్శన్ సారు.

"లావణ్యా, పెట్టె బంద్ చేసి మల్ల ఆన్ చెయ్."

"ఇందాకనే చేసిన సార్."

"చెప్పింది చెయ్యమ్మా! మల్ల చెయ్."

ఆమె నా వంక చూసి, స్విచ్ ఆపి మళ్లీ వేసింది. లైను రాలేదు. కాసేపటికి మళ్లీ ఫోన్, మళ్లీ అదే ఆజ్ఞ, మళ్లీ అదే పని.

"గిట్లనే అన్నా, రోజూ గిట్లనే," అంది. "ఆయననే బంద్ చెయ్యమంటడు. మల్ల ఎందుకు బంద్ చేసినవని ఆయననే మెమో ఇస్తడు. నేనేం చెయ్యాలె, చెప్పు?"

నేను టెలికాం ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. ఆమె స్విచ్ ఆపిన ప్రతిసారీ అక్కడ ఎర్ర గీత పడింది. ఆమె మీద మోపిన రుజువు మొత్తం సారు ఫోన్ చేసి ఆమె చేత గీయించుకున్నదే. లైను పోవడం ముందు, గీత పడటం తర్వాత. ఏది ముందో ఏది వెనకో చూసే ఓపిక ఎవరికీ లేదు.

మధ్యాహ్నం లైను దానంతట అదే వచ్చింది. సారు ఫోన్ చేసి, "చూసినవా? నేను నాలుగుసార్లు చెప్తే గాని సక్కగ చెయ్యలేదు," అన్నారు.

'రీస్టార్ట్ చెయ్యండి' అనే మందు గురించి ఇక్కడే చెప్తాను. అది రోగాన్ని తగ్గించదు, కాసేపు దాస్తుంది. పెట్టెను ఆపి వేస్తే అందులో అప్పటిదాకా పేరుకున్న ఆనవాళ్లన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. తెలియనివాడికి అది పనిచేసినట్టు అనిపిస్తుంది, అదే దాని ప్రమాదం.

ఏ రోజుల్లో పోతోందని లావణ్యను అడిగాను.

"మంగళారం, శనారం. గందుకే సుదర్శన్ సారు ఏమంటడంటే, నేను ఆ రెండు రోజులు ఒక్కపొద్దుంటనట, పని చెయ్యబుద్ది కాదట. నేను ఒక్కపొద్దు ఉండనే ఉండ అన్నా. పొద్దున ఉప్మా తిని అచ్చిన."

జగిత్యాల గది

శనివారం నేను జగిత్యాల వెళ్లాను. కోరుట్ల లైను పెట్టె జోడు అక్కడ ఉంది కదా. దాన్ని అంతవరకు ఎవరూ ముట్టుకు చూడలేదు. పచ్చ లైటు ఉందిగా మరి.

మెట్ల కింద కిటికీ లేని గది. సర్వర్లు, బ్యాటరీలు, కన్వర్టర్లు అన్నీ అందులోనే. ఆ గది కోసం కొన్న ఏసీ సుదర్శన్ సారు క్యాబిన్లో ఉంది. గదికి బదులుగా ఒక గోడ ఫ్యాన్ ఇచ్చారు. పాపం, ఆ ఫ్యాన్ బాగానే పనిచేసేది.

వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. అటెండర్ రాజేశం బయట స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు వద్దు సార్. లోపట దీపమున్నది."

"ఏం దీపం?"

"అంజన్నది సార్. మంగళారం, శనారం సారు పెడ్తడు."

తలుపు తీశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. గోడకు కొండగట్టు అంజన్న, అంటే హనుమంతుడి పటం, దాని కింద చెక్క అర, అర మీద ప్రమిదలో దీపం. ఆ అర కింద బ్యాటరీల పెట్టె, దాని మీద కోరుట్ల కన్వర్టర్. సిరిసిల్లది కింద, నేల మీద ఉంది. ఫ్యాన్ ఆపి ఉంది.

కన్వర్టర్ మీద చెయ్యి పెట్టాను. సిరిసిల్ల కవరు గుర్తొచ్చింది. పచ్చ లైటు హాయిగా వెలుగుతోంది. ఫ్యాన్ స్విచ్ మీద వేలు వేశానో లేదో, రాజేశం లోపలికి ఉరికాడు.

"సార్ సార్, వద్దు! గాలికి దీపం పోతది. సారు సంపుతడు నన్ను."

"మరి ఫ్యాన్ ఎప్పుడు వేస్తవు?"

"నూనె అయిపొయ్యి దీపం కొండెక్కినంక ఏస్త. మనం ఆర్పొద్దు కద సార్."

పది గంటలకు దీపం. గదిలో వేడి ఎక్కగానే కన్వర్టర్ సగం నిద్రలోకి. మధ్యాహ్నం నూనె అయిపోయాక ఫ్యాన్, దాంతోపాటే లైను. కోరుట్లలో ఒక ఆడపిల్ల ఉద్యోగం జగిత్యాలలో ఒక ప్రమిదలో పోసే నూనెను బట్టి ఊగుతోంది.

నాకు దేవుడి మీద ఏ ఫిర్యాదూ లేదు. మా అమ్మ నా పుట్టు వెంట్రుకలు కొండగట్టులోనే తీయించింది. అంజన్న కూడా ఫ్యాన్ ఆపమని అడిగి ఉండడు.

సుదర్శన్ సారుకు చెప్పాను. ఏసీ చల్లదనంలో కూర్చొని విన్నారు.

"అంటే ఏందయ్యా, నా దీపంతోని లైను పోతున్నదా?"

"దీపంతోని కాదు సార్. ఫ్యాన్ బంద్ చేసినందుకు."

"ఇరవై ఏండ్ల సంది పెడ్తున్న. అప్పుడు పోలేదు, ఇప్పుడు పోతదా?"

"అప్పుడు ఆ గదిల పెట్టెలు లేవు సార్, ఏసీ కూడా..."

"చాలు. తప్పు జేసింది గా పిల్ల, నింద దేవునికా? ఏం సదువుకున్నవయ్యా నువ్వు?"

చిమ్నీ

పటం జరపమంటే జరపడు. పెట్టె జరపమంటే వైర్లు కొత్తగా లాగాలి, దానికి ప్రకాశ్‌రావు మంజూరు కావాలి, అది వచ్చేలోపు లావణ్య ఉద్యోగం పోతుంది. ఏసీ సంగతి ఎత్తడమే అనవసరం.

మరునాడు కొండగట్టు పోయాను. దర్శనం చేసుకున్నాను. కిందికి దిగి, గాజు చిమ్నీ ఉన్న ఇత్తడి దీపం ఒకటి కొన్నాను. గాలి వేస్తే ఆరనిది. ప్రసాదంతోపాటు తీసుకెళ్లి సుదర్శన్ సారు చేతిలో పెట్టాను.

"కొండ మీదికెంచి తెచ్చిన సార్. దీంట్ల పెడితే ఫ్యాన్ ఉన్నా దీపం పోదు."

సారు కళ్లకద్దుకున్నారు. "గిదీ పద్ధతి. మొన్న నువ్వు మాట్లాడింది నేను మర్చిపోయిన, పో," అన్నారు.

మంగళవారం ఫ్యాన్ తిరిగింది. దీపమూ వెలిగింది. కోరుట్ల లైను పోలేదు. శనివారమూ అంతే. ఆ వారం, తర్వాతి వారం కూడా. నేను రిపోర్టులో కారణం వివరంగా రాశాను. ప్రకాశ్‌రావు దాన్ని 'పరిశీలించి సరిచేసితిమి'గా మార్చి ఫిర్యాదు మూసేశాడు.

నెల తిరగకముందే లావణ్య ఫోన్ చేసింది.

"అన్నా, నన్ను తీసేస్తున్నరట."

"ఎందుకు? లైను మంచిగనే ఉన్నది కదా?"

"గందుకే! మెమోకు భయపడి నేను బంద్ చేసుడు ఆపేసిననట, ఇప్పుడు లైను పోతలేదట. అంటే అంతకుముందు బంద్ చేసింది నేనేనని తేలిపోయిందట. కాంట్రాక్టు రాయనని సారు అన్నడు. లైను బాగు చెయ్యకపోయినా మంచిగుండె అన్నా," అంది.

పనిచేసిన పదేళ్లలో నన్ను కొట్టిన మాట అదొక్కటే. నేను లైను బాగు చేశాను, కారణాన్ని నలుగురికీ చూపించకుండా వదిలేశాను. అయితే కారణాన్ని కాగితం మీద నుంచి తీసేసింది ప్రకాశ్‌రావు. ఎవరి వాటా ఎంతో చెప్పుకోవడం నా అలవాటు.

ఆయనకే ఫోన్ చేసి, సుదర్శన్ సారుకు అసలు కారణం రాతపూర్వకంగా పంపమని అడిగాను.

"ఫిర్యాదు క్లోజ్ అయింది కదరా?"

"పిల్ల ఉద్యోగం పోతున్నది సార్."

"మన కంపెనీ పిల్లనా? కాదు కదా. మంచిగున్న లైనును మల్ల ఎందుకు కెలుకుతవు?"

మంగళవారం

ఇక నా దారిలో నేను పోయాను. ముందు కోరుట్ల డాక్టరమ్మతో మాట్లాడాను. ఆమెకు అంతా చెప్పి, మంగళవారం పొద్దున కాసేపు లైను పోతుందని, ఆ సమయంలో తను పెట్టె పక్కనే కూర్చోవాలని అడిగాను.

"కాసేపేగా? ఎక్స్‌రేలు చేతితోని రాసుకుంటం," అంది ఆమె. "లావణ్యను నా ముంగటనే కూసోబెట్టుకుంట. పెట్టె మీద నా చెయ్యే పెడ్త."

జగిత్యాలలో సుదర్శన్ సారు పూజకు వచ్చేసరికి నేను చిమ్నీ చేతిలో పట్టుకొని ఉన్నాను.

"మసి పట్టింది సార్. కడిగి తెస్త. ఇయ్యాల్టికి ప్రమిదల పెట్టున్రి."

ఆయన ప్రమిదలో దీపం పెట్టారు. రాజేశం తన అలవాటు ప్రకారం ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరగా వేశాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను వెళ్లి సారు ఎదురుగా ఏసీ కింద కూర్చున్నాను. టీ తెప్పించారు. కోరుట్ల పిల్లలకు ఈ మధ్య పని మీద భయం లేదని చెప్తున్నారు.

టీ చల్లారకముందే ఫోన్ మోగింది. సారు స్పీకర్ నొక్కారు.

"సుదర్శన్ గారూ, లైను పోయింది," అంది డాక్టరమ్మ.

"గదే నేను చెప్తున్న! మల్ల మొదలువెట్టింది. రీస్టార్ట్ చెయ్యమను ఆమెను."

"చెయ్యది. పెట్టె మీద నా చెయ్యి ఉన్నది. పొద్దటి సంది ఎవ్వరూ ముట్టలేదు. నన్ను గుడ మెమో అడుగుతరా?"

సారు నావైపు చూశారు. నేను లేచి, "ఒక్కసారి గదిలకు వస్తరా సార్?" అన్నాను.

ఫోన్ చేతిలోనే పట్టుకొని వచ్చారు. తలుపు తీయగానే వేడికి ఒక అడుగు వెనక్కి వేశారు. తను ఇన్ని వారాల నుంచి ఫ్యాన్ గాలిలో దండం పెట్టుకుంటున్నానన్న సంగతి అప్పుడు ఆయనకు తట్టినట్టుంది.

"పెట్టె మీద చెయ్యి పెట్టున్రి సార్."

పెట్టారు. వెంటనే తీసేసి వేళ్లు ఊదుకున్నారు.

"లైటు మాత్రం పచ్చగనే ఉన్నది చూడున్రి," అన్నాను.

సంచిలోంచి చిమ్నీ తీసి దీపం మీద జాగ్రత్తగా నిలబెట్టాను. రాజేశాన్ని ఫ్యాన్ వేయమన్నాను. వాడు సారు ముఖం చూశాడు. సారు తల ఊపలేదు, వద్దనీ అనలేదు. వాడు స్విచ్ వేశాడు. గాజు లోపల వత్తి ఒకసారి వంగి నిలబడింది. మేం ముగ్గురం ఆ ఇరుకు గదిలో గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాం. ఫోన్‌లో కోరుట్ల జనం గోల వినిపిస్తోంది. ఎవరో పసిపాప ఏడుస్తోంది. సారు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

తర్వాత లావణ్య గొంతు: "అచ్చింది మేడం! లైను అచ్చింది. నేను ముట్టలే, మీరే చూసిన్రు."

"నేనే చూసిన," అంది డాక్టరమ్మ. "సుదర్శన్ గారూ, విన్నరా?"

సారు ఫోన్ కట్ చేశారు. పటానికి దండం పెట్టుకొని తన గదిలోకి వెళ్లిపోయారు.

చివరి రిపోర్టు

లావణ్య మెమో రద్దయింది. 'సాంకేతిక కారణముల వలన' అని ఒక్క వరుస. క్షమాపణ అడిగినవాళ్లు లేరు. ఆమె కాంట్రాక్టు మాత్రం రాశారు. డాక్టరమ్మ సాక్షి కాబట్టి రాయక తప్పలేదు.

ఆ సాయంత్రమే ప్రకాశ్‌రావు ఫోన్.

"మంచిగున్న లైనును నువ్వే పడగొట్టినవట? పూజ గదిల జోక్యం చేసుకున్నవట?"

"అది పూజ గది కాదు సార్, సర్వర్ గది."

"నాకు కత చెప్పకు. కోరుట్ల లైనుకు ఈ ఏడాది 'మా ఇంజినీరు వల్ల' అని రాసిన ఆగుడు ఒక్కటే ఉన్నది, గది నీ పేరు మీద. ఏం రాసిస్తవు?"

"'పరిశీలించి సరిచేసితిమి' అని రాస్త సార్," అన్నాను. దాని కింద రాజీనామా రాశాను. ఇప్పుడు సిరిసిల్లలో సొంతంగా చిన్న పనులు చేసుకుంటున్నాను. కవర్లు విప్పడం ఇప్పటికీ అందులో పెద్ద భాగం.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇది. పరీక్షలో వచ్చే విద్యంతా పెట్టె లోపలి గురించి. నేర్చుకోండి, పనికొస్తుంది. కానీ లైను పోతే ముందు రెండో చివరకు నడిచి వెళ్లండి. ఎవరూ వెళ్లని చివర ఏదో దానికి. ఆ గదిలో కాసేపు నిలబడండి. మీకు చెమట పట్టిందంటే పెట్టెకూ పట్టినట్టే. కారణం దొరికితే, బాగు చేసే ముందు నలుగురికి చూపించండి. చూపించకుండా బాగు చేస్తే ఆ బాగునే ఇంకొకరి మీద రుజువుగా వాడతారు. బాసు నుంచి మెచ్చుకోలు ఆశించకండి, అది మీ ఆరోగ్యానికి మంచిది.

ఈ మధ్య ఆ ఆస్పత్రికి ఫైబర్ వచ్చింది. కన్వర్టర్లు తీసేసి మెరిసే కొత్త పెట్టెలు పెట్టారు. అదే గది, అవే బ్యాటరీల మీద. ఏసీ ఇంకా సారు దగ్గరే ఉంది. లావణ్య ఫోన్ చేసి చెప్పింది.

"మొన్న కొత్త లైను గుడ పోయింది అన్నా. సుదర్శన్ సారు ఫోన్ చేసి రీస్టార్ట్ చెయ్యమన్నడు."

"చేసినవా?"

"ఎందుకు చేస్త? 'సార్, ముందుగాల మీ సర్వర్ గదిల ఫ్యాన్ తిరుగుతున్నదా చూసి చెప్పున్రి, అప్పటిదాక నేను ముట్ట' అన్న."

"ఏమన్నడు?"

"ఏమంటడు? పొయ్యి చూసి అచ్చిండు."